స్టేట్ బ్యాంకు ఎవరిది?

బ్యాంకు అనగానే మన దేశంలో పల్లెటూరి మనిషి నోట ముందుగా వచ్చే పేరు స్టేట్ బ్యాంకు. "గవర్నమెంటు బ్యాంకు కదండీ, మన డబ్బు ఎక్కడికీ పోదు" అనే మాట బ్యాంకు ఉద్యోగంలో ఉన్నవాడిగా నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ మాటలో నమ్మకం ఉంది. నిజం కూడా చాలావరకు ఉంది. పూర్తి నిజం మాత్రం కాదు. ఈ బ్యాంకు పుట్టినప్పుడు అందులో సర్కారు వాటా అయిదో వంతే. ఆ తర్వాత దాదాపు ఎనభై ఏళ్ళపాటు సర్కారుకు ఇందులో ఒక్క వాటా కూడా లేదు. 1955 నుంచి 2007 వరకు దీని ప్రధాన యజమాని కేంద్ర ప్రభుత్వం కాదు, రిజర్వు బ్యాంకు. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వానికి ఉన్నది సగానికి కొంచెం పైన.

కామర్సు చదువుకున్నవాళ్ళు తప్ప ఇటువంటి వాటాల లెక్కలు ఎవరికి కావాలి అని పాఠకులు అనుకోవచ్చు. కానీ యజమాని మారినప్పుడల్లా ఈ బ్యాంకు తలుపు ఒకరికి మూసుకుని మరొకరికి తెరుచుకుంది. ఆ తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళలో మన తాత ముత్తాతలూ ఉన్నారు. అందుకే ఈ కథ మనకు కావాలి.

కంపెనీ వారి అవసరం

1806 జూన్ 2న కలకత్తాలో బ్యాంక్ ఆఫ్ కలకత్తా మొదలయింది. గవర్నర్ జనరల్ వెల్లస్లీ కాలంలో నడిచిన యుద్ధాల వల్ల ఈస్టిండియా కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. కంపెనీ ఇచ్చిన కాగితాలు బజారులో ముఖవిలువ కన్న తక్కువకు అమ్ముడుపోతున్నాయి. సర్కారు కాగితానికి పరపతి నిలబెట్టడానికి, అవసరానికి చేబదులు ఇవ్వడానికి ఒక బ్యాంకు కావలసివచ్చింది. దేశంలో వర్తకం పెంచాలన్నది తర్వాతి మాట.

1809 జనవరి 2న దానికి చార్టరు ఇచ్చి బ్యాంక్ ఆఫ్ బెంగాల్ అని పేరు పెట్టారు. మూలధనం 50 లక్షల సిక్కా రూపాయలు. అందులో కంపెనీ సర్కారు పెట్టినది 10 లక్షలు. మిగిలిన 40 లక్షలు ప్రైవేటు వాటాదారులవి. తొమ్మిది మంది డైరెక్టర్లలో ముగ్గురిని సర్కారు నియమించేది. అయిదో వంతు డబ్బు పెట్టి మూడో వంతు పెత్తనం పుచ్చుకోవడం అన్నమాట.

ఈ బ్యాంకు అప్పులు ఎవరికి ఇచ్చేదో చూస్తే దాని స్వభావం తెలిసిపోతుంది. ఒక్కరికి లక్ష రూపాయలు మించకూడదు. గడువు మూడు నెలలు. వడ్డీ నూటికి 12 మించరాదు. హామీగా కంపెనీ కాగితాలు, బంగారం, వెండి, నగలు, పాడవని సరుకులు పెట్టాలి. నల్లమందు, నీలిమందు, ఉప్పు, పత్తి, పట్టు మీద అప్పు పుట్టేది. భూమి మీద మాత్రం పుట్టేది కాదు. రైతు దగ్గర కుదువ పెట్టడానికి భూమి తప్ప మరేముంటుంది? మూడు నెలల్లో ఏ పంట చేతికొస్తుంది? రైతును రావద్దని బోర్డు రాసి పెట్టనక్కర లేకుండానే రూలు పుస్తకం ఆ పని చేసింది.

బొంబాయి, మద్రాసు

ఈ పద్ధతిలోనే 1840లో బ్యాంక్ ఆఫ్ బాంబే, 1843 జూలై 1న బ్యాంక్ ఆఫ్ మద్రాస్ ఏర్పడ్డాయి. బొంబాయి బ్యాంకు మూలధనం 52 లక్షలు, మద్రాసు బ్యాంకుది 30 లక్షలు. రెండింటిలోనూ సర్కారు పెట్టినది మూడేసి లక్షలు. ఈ మూడింటినీ ప్రెసిడెన్సీ బ్యాంకులు అనేవారు. సొంతంగా నోట్లు అచ్చువేసుకునే హక్కు కూడా వీటికి ఉండేది. 1861 చట్టంతో ఆ హక్కును సర్కారు వెనక్కి తీసుకుంది. దానికి బదులుగా సర్కారు ఖజానా నిల్వలు వీటి దగ్గర ఉంచింది. వడ్డీ లేని ఆ డబ్బుతో వ్యాపారం చేసుకోవడం బ్యాంకులకు నష్టమేమీ కాలేదు.

మనకు దగ్గరి చుట్టం మద్రాసు బ్యాంకు. నేటి కోస్తా, రాయలసీమలతో పాటు, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న బళ్ళారి, ఒడిశాలో ఉన్న బరంపురం కూడా ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. కాకినాడ వంటి రేవుల్లో, బెంగుళూరు వంటి దండు పట్టణాల్లో ఈ బ్యాంకు అడుగు పెట్టింది. రేవు ఉన్నచోట ఎగుమతి వ్యాపారం, దండు ఉన్నచోట జీతాల పంపిణీ, ఇవే దానికి కావలసినవి. మధ్యలో ఉన్న పల్లెలకు షావుకారే బ్యాంకు.

ఇక బొంబాయి బ్యాంకు కథ ప్రతి బ్యాంకు ఉద్యోగీ చదువుకోవలసిన పాఠం. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండుకు రావడం ఆగిపోయింది. మన పత్తి ధర ఆకాశానికి అంటింది. బొంబాయిలోకి డబ్బు వరదలా వచ్చింది. రోజుకొక కంపెనీ పుట్టింది. సముద్రాన్ని పూడ్చి నేల తీస్తామన్న బ్యాక్ బే కంపెనీ వాటాల కోసం జనం ఎగబడ్డారు. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే దళారీ మాట ఆ బజారులో వేదవాక్కు. వాటాల హామీ మీద కూడా అప్పివ్వవచ్చునని 1863లో చట్టం సడలించారు. ఇంకేముంది, కాగితం మీద కాగితం పెట్టి అప్పులు పోశారు. 1865లో యుద్ధం ముగిసింది, పత్తి ధర కూలింది, వాటాలు చిత్తుకాగితాలయ్యాయి. 1868లో బ్యాంక్ ఆఫ్ బాంబే మూతపడింది. దాని స్థానంలో అదే పేరుతో కొత్త బ్యాంకు పెట్టవలసివచ్చింది.

సర్కారు వాటా, సర్కారు డైరెక్టర్లు ఉన్న బ్యాంకే మునిగిపోయింది! వాటాదారుగా ఉండి పరువు పోగొట్టుకోవడం కన్న తప్పుకోవడం మేలని సర్కారు తలచింది. 1876లో వచ్చిన ప్రెసిడెన్సీ బ్యాంకుల చట్టంతో తన వాటాలు వదులుకుంది. మూడు బ్యాంకులూ ఒకే చట్టం కిందికి వచ్చాయి. అవి విదేశీ మారకం జోలికి పోకూడదు, భూముల తనఖా మీద అప్పివ్వకూడదు అన్న కట్టుబాట్లు అలాగే నిలిచాయి. సర్కారు డబ్బు మాత్రం వీటి దగ్గరే ఉండేది. యాజమాన్యం వదిలేసి ఖాతా ఉంచుకుందన్నమాట.

ఇంపీరియల్ బ్యాంకు

మూడు బ్యాంకులను కలిపి దేశానికంతటికీ ఒక పెద్ద బ్యాంకు ఉండాలన్న ఆలోచన పాతదే. తర్వాత జగత్ప్రసిద్ధుడైన ఆర్థికవేత్త కీన్స్ 1913లో ఛాంబర్లేన్ కమిషను సభ్యుడిగా దీని మీద ఒక పథకమే రాసిచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం అడ్డువచ్చింది. చివరికి 1921 జనవరి 27న మూడూ కలిసి ఇంపీరియల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అయ్యాయి. అప్పటికి అన్నీ కలిపి 70 శాఖలు. అయిదేళ్ళలో మరో 100 తెరవాలని షరతు పెట్టారు.

ఇది పూర్తిగా ప్రైవేటు వాటాదారుల బ్యాంకు. అయినా 1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు వచ్చేవరకు సర్కారు ఖజానా ఇదే చూసేది. ఆ తర్వాత కూడా రిజర్వు బ్యాంకుకు ఆఫీసు లేని ఊళ్ళలో దాని ఏజెంటుగా ఉండేది. పెద్ద కొలువులు దొరలవి. పెద్ద అప్పులు దొరల కంపెనీలవి. భారతీయులు డిపాజిట్లు వేయవచ్చు, గుమాస్తాలుగా చేరవచ్చు.

ఈ అసంతృప్తిలోంచే మనవాళ్ళ బ్యాంకులు పుట్టాయి. 1906లో మద్రాసులోని అర్బత్‌నాట్ అనే దొరల కంపెనీ దివాళా తీసి వేలాది కుటుంబాలను ముంచినప్పుడు, మనకంటూ బ్యాంకు ఉండాలని 1907లో ఇండియన్ బ్యాంకు పెట్టారు. 1923లో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు బందరులో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 1930లో బెంగుళూరులో వైశ్యా బ్యాంకు వచ్చింది. తరతరాలుగా కన్నడ దేశంలో స్థిరపడిన తెలుగు ఇళ్ళలో ఈ చివరి పేరు తెలియనివారు అరుదు.

1955: అసలు మలుపు

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో ముందుగా రిజర్వు బ్యాంకును జాతీయం చేశారు. ఇంపీరియల్ బ్యాంకును వెంటనే ముట్టుకోలేదు. 1951లో గోర్వాలా గారి అధ్యక్షతన గ్రామీణ పరపతి మీద దేశవ్యాప్తంగా సర్వే జరిగింది. 1954 డిసెంబరులో వెలువడిన ఆ నివేదిక తేల్చినది ఒక్కటే: రైతు అప్పు కోసం ఇంకా వడ్డీ వ్యాపారి గడపే తొక్కుతున్నాడు, వాణిజ్య బ్యాంకుల నుంచి అతనికి అందుతున్నది దాదాపు శూన్యం. ఇంపీరియల్ బ్యాంకును, సంస్థానాల బ్యాంకులను కలిపి ఒక బలమైన స్టేట్ బ్యాంకు ఏర్పాటు చెయ్యాలని కమిటీ సూచించింది.

ఆ ప్రకారం 1955 జూలై 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అవతరించింది. డాక్టర్ జాన్ మత్తాయ్ మొదటి ఛైర్మన్. ఇంపీరియల్ బ్యాంకు వాటాలన్నీ రిజర్వు బ్యాంకు పరమయ్యాయి. 500 రూపాయల పూర్తి చెల్లింపు వాటాకు 1,765 రూపాయల 10 అణాల పరిహారం ఇచ్చారు. అంటే ముఖవిలువకు మూడున్నర రెట్లు. లాక్కోవడం కాదు, కొనుక్కోవడం. కొత్త బ్యాంకు జారీ మూలధనం 5 కోట్ల 62 లక్షల 50 వేల రూపాయలు. రిజర్వు బ్యాంకు వాటా ఎన్నడూ 55 శాతం కన్న తగ్గరాదని చట్టంలోనే రాశారు.

ఈ చట్టంలో నాకు అన్నిటికన్న గొప్పగా కనిపించే అంశం మరొకటి ఉంది. అయిదేళ్ళలో కనీసం 400 కొత్త శాఖలు తెరవాలన్నారు. చిన్న ఊళ్ళలో శాఖ తెరిస్తే మొదటి సంవత్సరాల్లో నష్టం తప్పదు. అద్దె, జీతాలు, కాపలా ఖర్చులకు సరిపడా వ్యాపారం అంత త్వరగా రాదు. ఆ నష్టం ఎవరు భరించాలి? దానికి చట్టం ఒక నిధి ఏర్పాటు చేసింది. రిజర్వు బ్యాంకుకు తన 55 శాతం వాటా మీద రావలసిన డివిడెండు ఈ నిధిలోకి పోతుంది, కొత్త శాఖల నష్టాలను ఆ నిధి పూడుస్తుంది. అంటే యజమాని తన లాభం వదులుకుని, ఆ డబ్బుతో పల్లెల్లో తలుపులు తెరిపించాడు.

యాజమాన్యం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఎవరి పేర వాటా ఉంది అన్నది సగం ప్రశ్న. ఆ వాటా మీద వచ్చిన లాభం ఎక్కడికి పోతోంది అన్నది మిగతా సగం. పూర్వం 70 శాఖలతో మొదలై, ముప్ఫై నాలుగేళ్ళలో 480 ఆఫీసులకు చేరిన బ్యాంకుకు అయిదేళ్ళలో 400 శాఖలు చేర్చమనడం మాటలు కాదు. ఆ పని జరిగింది.

సంస్థానాల బ్యాంకులు

కర్ణాటక, మహారాష్ట్రల్లో ఉన్న మన పాఠకులకు ఈ భాగం మరీ దగ్గరిది. హైదరాబాదు సంస్థానంలో 16 జిల్లాలుండేవి. ఎనిమిది తెలుగు, అయిదు మరాఠీ, మూడు కన్నడ. అక్కడ నాణెం వేరు, హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. ఆ సంస్థానానికి సొంత బ్యాంకుగా 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు స్థాపించి, 1942లో గన్‌ఫౌండ్రీలో వ్యాపారం మొదలుపెట్టారు. వాటాల్లో 51 శాతం నిజాం సర్కారువి, మిగిలినవి ప్రజలవి. 1956లో రిజర్వు బ్యాంకు దీన్ని తీసుకుని స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అని పేరు మార్చింది. 1959 చట్టంతో ఇది స్టేట్ బ్యాంకుకు అనుబంధ బ్యాంకయింది.

మైసూరులో విశ్వేశ్వరయ్య గారి ప్రోత్సాహంతో 1913లో వచ్చిన బ్యాంక్ ఆఫ్ మైసూర్ కూడా అలాగే స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూర్ అయింది. హైదరాబాదు, మైసూరు, తిరువాన్కూరు, పాటియాలా, ఇందూరు, సౌరాష్ట్ర, బికనీరు, జయపూరు, ఇవీ ఆ ఎనిమిది. చివరి రెండూ 1963లో ఒకటయ్యాయి.

1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు విడిపోయినప్పుడు హైదరాబాదు సంస్థానం మూడు ముక్కలయింది. బీదరు, గుల్బర్గా, రాయచూరు కన్నడ రాష్ట్రానికి, ఔరంగాబాదు వైపు జిల్లాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. బ్యాంకు మాత్రం ముక్కలు కాలేదు. ఏ రాష్ట్రంలో ఉన్నా ఆ బోర్డు మీద 'హైదరాబాద్' అన్న మాట ఉండేది. రాయచూరు బజారులోని తెలుగు వర్తకుడికి అది తన పాత రాజధానితో మిగిలిన ఒక చుట్టరికం. బోర్డు మీది పేరు లెక్కల పుస్తకంలోకి రాదు. కానీ మనిషి ఏ బ్యాంకులో కాలు పెట్టాలో నిర్ణయించుకునేటప్పుడు అదీ లెక్కలోకి వస్తుంది.

బజారులోకి వాటాలు

1969 జూలై 19న 14 బ్యాంకులను, 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకుతో సహా మరో ఆరింటిని జాతీయం చేశారు. అప్పటికి స్టేట్ బ్యాంకు సర్కారు రంగంలోకి వచ్చి చాలాకాలమే అయింది. 1991 తర్వాత గాలి మారింది. బ్యాంకులకు కొత్త మూలధనం కావాలి, సర్కారు దగ్గర డబ్బు లేదు. 1993లో చట్టం సవరించి స్టేట్ బ్యాంకు వాటాలను ప్రజలకు అమ్మారు. 1996లో విదేశీ మదుపుదారులకూ చోటిచ్చారు. రిజర్వు బ్యాంకు వాటా దాదాపు మొత్తం నుంచి 60 శాతం దగ్గరికి దిగింది.

ఇక్కడ మరో చిక్కు ఉంది. రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ కాపలాదారు. ఒక బ్యాంకుకు తానే సొంతదారు కూడా కావడం ఏం న్యాయం? పరీక్ష రాసే పిల్లవాడికి తండ్రే పేపరు దిద్దినట్లుంటుంది. 1998లో నరసింహం కమిటీ ఇదే చెప్పింది. 2007 జూన్ 29న రిజర్వు బ్యాంకు తన 59.7 శాతం వాటాను కేంద్ర ప్రభుత్వానికి బదిలీ చేసింది. ధర 35,531 కోట్ల 33 లక్షలు.

లెక్కలు చూసేవారికి దీని తర్వాతి అడుగు ఆసక్తికరంగా ఉంటుంది. ఆ వాటాలు రిజర్వు బ్యాంకు పుస్తకాల్లో 1,222 కోట్ల చిల్లరకే ఉన్నాయి. మిగిలిన 34,308 కోట్ల 60 లక్షలు లాభం. రిజర్వు బ్యాంకు యజమాని ఎవరు? కేంద్ర ప్రభుత్వమే. కనుక ఆ లాభం తిరిగి కేంద్రానికే చేరింది. కుడిజేబులోంచి తీసి ఎడమజేబులో వేసినట్లు! అయినా అది వట్టి నాటకం కాదు. ఆ రోజు నుంచి స్టేట్ బ్యాంకు లాభనష్టాలకు, దాని అప్పుల విధానానికి పార్లమెంటు ముందు జవాబు చెప్పవలసిన బాధ్యత నేరుగా కేంద్ర ప్రభుత్వానిది.

2010లో మరో సవరణతో ప్రభుత్వ వాటా కనీస పరిమితిని 55 నుంచి 51 శాతానికి తగ్గించారు. 2025 జూలైలో బ్యాంకు 25,000 కోట్ల రూపాయల కొత్త వాటాలు అమ్మింది. ఆ తర్వాత ప్రభుత్వ వాటా 55 శాతానికి దగ్గరగా వచ్చింది. మిగతాది జీవిత బీమా సంస్థ, మ్యూచువల్ ఫండ్లు, విదేశీ సంస్థలు, సామాన్య మదుపుదారుల చేతుల్లో ఉంది. ప్రభుత్వం తప్ప మరే వాటాదారు ఎంత కొన్నా 10 శాతానికి మించి ఓటు చెల్లదు.

2017: పేర్లు పోయాయి

సౌరాష్ట్ర 2008లో, ఇందూరు 2010లో పెద్ద బ్యాంకులో కలిసిపోయాయి. 2017 ఏప్రిల్ 1న హైదరాబాదు, మైసూరు, తిరువాన్కూరు, పాటియాలా, బికనీరు-జయపూరు బ్యాంకులు, వాటితో భారతీయ మహిళా బ్యాంకు కూడా కలిశాయి. మైసూరు బ్యాంకులో బయటి వాటాదారులున్నారు కనుక వారి పది వాటాలకు స్టేట్ బ్యాంకు వాటాలు 22 ఇచ్చారు. హైదరాబాదు బ్యాంకు అప్పటికే నూటికి నూరుపాళ్ళు స్టేట్ బ్యాంకు సొత్తు. అడగవలసినవారు లేరు, ఇవ్వవలసిన వాటాలు లేవు. డెబ్బై అయిదేళ్ళ పేరు ఒక్క రాత్రిలో బోర్డుల మీద నుంచి దిగిపోయింది. 2015లో వైశ్యా బ్యాంకు వారసురాలు కోటక్ బ్యాంకులో, 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాయి.

ఈ విలీనాలకు కారణాలు లేకపోలేదు. ఒకే వీధిలో ఒకే యజమానికి రెండు శాఖలు, రెండు కంప్యూటరు వ్యవస్థలు, రెండు హెడ్డాఫీసులు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. పెద్ద నష్టం తట్టుకోవడానికి పెద్ద ఒళ్ళు కావాలి. బొంబాయి బ్యాంకు కథ మనం చూశాం. కానీ సొంతదారు దూరమైనకొద్దీ కౌంటరు దగ్గర మాట కూడా దూరమవుతుంది. సరిహద్దు జిల్లాల్లో బతికే మనకు ఇది వేరే చెప్పనక్కర లేదు. ఫారం హిందీలోనో ఇంగ్లీషులోనో లేదా ఆ రాష్ట్ర భాషలోనో ఉంటుంది. తెలుగు మాట్లాడే ఉద్యోగి ఉంటే అదృష్టం, లేకపోతే సర్దుకోవాలి.

ఇంతకీ ఎవరిది?

2024 మార్చి 31 నాటి లెక్క చూడండి. స్టేట్ బ్యాంకు చెల్లింపు మూలధనం 892 కోట్లు. దాని వెనుక ఏళ్ళ తరబడి కూడబెట్టిన నిల్వ నిధులు వేరే ఉన్నాయి. డిపాజిట్లు మాత్రం 49 లక్షల కోట్ల పైచిలుకు. చట్టం దృష్టిలో యజమానులు వాటాదారులు. బ్యాంకు నడుస్తున్న డబ్బు ఖాతాదారులది. ఆ సంవత్సరం లాభంలోంచి కేంద్రానికి ముట్టిన డివిడెండు దాదాపు 6,959 కోట్లు. అది ఇప్పుడు దేశపు సాధారణ ఖజానాలోకి పోతుంది. 1955లో మాదిరి ఫలానా పల్లెలో శాఖ కోసమని విడిగా ఉండదు.

తప్పా ఒప్పా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవలసిన విషయం. నేను చెప్పదలచినది ఇంతే. రెండు వందల ఏళ్ళలో ఈ బ్యాంకు కంపెనీ సర్కారుది, దొరల వాటాదారులది, రిజర్వు బ్యాంకుది, కేంద్ర ప్రభుత్వానిది అయింది. ఏ ఒక్క దశలోనూ డిపాజిటుదారు దీనికి యజమాని కాలేదు. కానీ 1955లో దీని తలుపు రైతు వైపు తిరిగిందంటే అది ఏ వాటాదారూ అడిగినందువల్ల కాదు, అప్పు పుట్టక అల్లాడిన పల్లెల గోడు ఒక నివేదికకు ఎక్కి, పార్లమెంటులో చట్టమయినందువల్ల. వాటా లేనివాడికి సభలో ఓటు లేదు, అడిగే హక్కు మాత్రం ఉంది. మన ఊరి శాఖలో మన భాషలో ఒక ఫారం కావాలన్నా, మూసేయబోతున్న శాఖ నిలవాలన్నా ఆ హక్కునే వాడుకోవాలి. కాగితం మీద రాసి ఇవ్వాలి, జవాబు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి.